ఏడుపు ముందా, తర్వాతా

మా కింది వాటాలో ఉండే ఆమెను వీధంతా మిషనక్క అంటుంది. కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. కాపురమంటే ఆమె ఒక్కతే. దుకాణంలో గోడ పొడుగునా అరలు, అరల నిండా సూదుల పెట్టెలు, బెల్టులు, బాబిన్లు, నూనె డబ్బాలు. మధ్యలో ఒక ఎత్తు బల్ల, దాని మీద ఎప్పుడూ పొట్ట విప్పి పడుకోబెట్టిన ఏదో ఒక మిషను.

అది వాళ్ళ నాన్న పని. ఆయన పోయేనాటికి ఈమెకు పంతొమ్మిదేళ్ళు, తమ్ముడికి పదకొండు. అమ్మ అంతకు ముందే పోయింది. బల్ల ముందు నాన్న కూర్చునే స్టూలు మీద మర్నాటి నుంచీ ఈమె కూర్చుంది. తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాత్రం వాయిదా పడుతూ పడుతూ, చివరికి అడిగేవాళ్ళు కూడా మర్చిపోయారు. నేనే ఒకసారి నోరు జారి, "ఎందుకు చేసుకోలేదమ్మాయ్?" అన్నాను.

"వచ్చినవాళ్ళంతా వంట వచ్చా అని అడిగారు పిన్నిగారూ. ఈ మిషన్లు ఎలా పట్టుబడ్డాయని ఒక్కడైనా అడిగితే ఆలోచించేదాన్ని" అంది, స్క్రూ తిప్పుతూనే.

అడగడమంటే ఆమెకు ప్రాణం. పాలు పొంగేముందు ఒక్క క్షణం ఎందుకు నిశ్శబ్దమవుతాయి? మా మెట్లలో ఏడో మెట్టు మాత్రమే ఎందుకు అరిగింది? జవాబు దొరికేదాకా ఆమెకు తోచదు. ఒకసారి బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచారు. నలభై మిషన్లలో ఒక్కదానికి రోజూ మధ్యాహ్నం దారం తెగుతోంది. ముగ్గురు మెకానిక్కులు వచ్చి మూడుసార్లు సామాన్లు మార్చి వెళ్ళారు. ఈమె స్క్రూడ్రైవరు సంచిలోంచి బయటికే తియ్యలేదు. స్టూలు వేసుకుని పొద్దుట్నుంచి కూర్చుంది. భోజనాలయ్యాక ఎవరో పైన ఫ్యాను వేశారు. ఆ గాలికి దారం పక్కకి కొట్టుకుని కండె చుట్టూ మెలిక పడుతోంది. ఫ్యాను వేగం తగ్గించి వచ్చేసింది. ఇది ఆమె నాకు గొప్పకు చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీలో కుట్టే పిల్ల చెప్పింది.

ఇక నా సంగతి. నేను ముగ్గురు పిల్లల్ని పెంచాను. ముగ్గురూ నిక్షేపంలా ఉన్నారు. కాబట్టి పిల్లల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఈ కథలో కాస్త పనికొస్తుంది, చాలావరకు అడ్డొస్తుంది. ముందే చెప్పేస్తే నాకూ తేలిక.

పోయినేడాది తమ్ముడి భార్యకు రెండో కాన్పు వచ్చింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. పెద్దపిల్లకు ఇరవై నెలలు. ఎక్కడ ఉంచాలి? తమ్ముడు దాన్ని చంకనేసుకుని, రెండో చేత్తో బట్టల సంచి పట్టుకుని అక్క గుమ్మంలోకి వచ్చాడు.

"వారం రోజులే అక్కా. నీ మిషన్లకన్నా అల్లరి తక్కువే" అన్నాడు. అబద్ధం. నిలబడ్డ చోట నిలబడకుండా తనచుట్టూ తాను తిరిగి, తూలి పడి, లేచి మళ్ళీ తిరుగుతుందని దాన్ని ఇంట్లో బొంగరం అంటారు. దానికి వచ్చిన మాటలు ఆరో ఏడో. అందులో బాగా వచ్చింది "వద్దు".

అది రాకముందే మిషనక్క దుకాణమంతా మార్చేసింది. కింది అరల్లో సామాన్లన్నీ పైకెక్కాయి. నేల మీద ఎక్కడైనా సూది ముక్క ఉంటుందేమోనని పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి గదంతా మూడుసార్లు ఈడ్చింది. మూడోసారి కూడా ఒక సూది ముక్క దొరికింది. దాంతో నాలుగోసారి ఈడ్చింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. ఆపరేషన్ అయింది, మగపిల్లాడు పుట్టాడు. మూడో రోజు పొద్దున కింద నుంచి బొంగరం ఏడుపు వినిపించింది. రోజూ ఏడ్చే ఏడుపు కాదు. సన్నగా, ఓపిక లేనట్టు ఉంది. గబగబా మెట్లు దిగాను.

మిషనక్క నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల. ఇద్దరి బట్టల మీదా పాల వాంతి. పిల్ల మొహం ఎర్రగా, కళ్ళు వాలిపోయి, తోటకూర కాడలా వేలాడిపోతోంది. చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూట మూడు.

"పళ్ళొస్తున్నాయి, అంతే" అన్నాను. "దుప్పటి చుట్టు, చెమట పట్టి దిగిపోతుంది. కడుపు ఖాళీ అయింది కదా, ఇంకో గ్లాసు పాలు పట్టు."

ఆమె నా వైపు తలెత్తి చూసింది. వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"పళ్ళొస్తే నూట మూడు ఎందుకొస్తుంది పిన్నిగారూ?"

 మా అమ్మ అనేది, నేను అంటున్నాను, అంతే. ముగ్గురు పిల్లలకీ కలిపి ఏ ముప్ఫైసార్లో ఆ మాట అన్నాను గానీ, ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు.

"వేడిగా ఉన్నదానికి దుప్పటి చుడితే వేడి ఎక్కడికి పోతుంది?" అని తనలో తాను అనుకుంటూ, పిల్ల గౌను విప్పి పల్చటి బనీను తొడిగింది. రెండు వీధుల అవతల పిల్లల క్లినిక్ ఉంది. ఫోన్ చేసింది. అక్కడి నర్సు గొంతు నాకూ వినిపించేలా ఫోను స్పీకర్లో పెట్టింది.

"బరువెంత?" అంది నర్సు.

పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడింది. మళ్ళీ నా చేతికిచ్చి ఒక్కతీ నిలబడింది. పదకొండు కిలోలు తేడా. ఆ బరువుకి జ్వరం మందు ఎంత వెయ్యాలో నర్సు చెప్పింది. పాలు వద్దంది. ఓఆర్ఎస్ పొడి నీళ్ళలో కలిపి, రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టమంది.

"దాహమంటూ గ్లాసు లాక్కుంటుంది. ఇవ్వకండి. ఒకేసారి తాగితే ఒకేసారి కక్కేస్తుంది. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతోనే మొదలుపెట్టండి."

"ఎప్పుడు భయపడాలి?" అని అడిగింది మిషనక్క.

ఆ నర్సును ఎవరూ ఆ ప్రశ్న అంత సూటిగా అడిగినట్టు లేదు. ఒక్కొక్కటే నిదానంగా చెప్పింది. "ఎనిమిది గంటలు ఉచ్చ పొయ్యకపోతే. ఏడుస్తున్నా కన్నీళ్ళు రాకపోతే. లేపితే సరిగ్గా లేవకపోతే, మెడ బిగుసుకుంటే, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, రక్తం కనిపించినా, ఫిట్స్ వచ్చినా... ఇక ఫోన్ చెయ్యక్కర్లేదమ్మా, ఎత్తుకుని వచ్చెయ్యండి. ఇవేవీ లేకపోయినా రేపు పొద్దుటికి జ్వరం తగ్గకపోతే తీసుకురండి."

మిషనక్కకు ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. బాగుచేసే ప్రతి మిషనుకీ అందులో ఒక పేజీ. ఫోను పెట్టేసి, కొత్త పేజీ తీసి పైన "బొంగరం" అని రాసింది. దాని కింద టైము.

"ఇదేమన్నా మిషనా?" అన్నాను. నా సలహా చెల్లలేదన్న ఉక్రోషం ఇంకా పోలేదు.

"కాదు. అందుకే రాస్తున్నాను. మిషనైతే గుర్తుంటుంది. దీని దగ్గర కంగారులో అన్నీ మర్చిపోతాను."

ఆ రోజంతా చెంచాలతో గడిచింది. వంటింటి టైమరు మూడు నిమిషాలకోసారి టింగుమనేది. ఒక చెంచా. మళ్ళీ టింగు. మరో చెంచా. పిల్ల గ్లాసు కోసం రెండు చేతులూ చాచి, ఇవ్వకపోతే నా వైపు తిరిగి న్యాయం అడిగేది. నా చెయ్యి ఊరుకోలేదు. మిషనక్క బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, పాపం దాహంతో ఉందని, నాలుగు గుక్కలు గ్లాసుతోనే పట్టాను. ఆమె బయటికి వచ్చేలోగా ఆ నాలుగు గుక్కలూ నా ఒళ్ళోకే తిరిగొచ్చాయి.

ఆమె పుస్తకం తీసింది. "ఎన్ని గుక్కలు పిన్నిగారూ?" అంది పెన్ను పట్టుకుని.

"నాలుగు" అన్నాను, బడిలో దొరికిపోయిన పిల్లలా.

రాసుకుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదటి చెంచా. మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. మందు వేస్తే జ్వరం నూట ఒకటికి దిగింది. పిల్ల లేచి కూర్చుని టైమరును నోట్లో పెట్టుకోబోయింది. నేను లోలోపల, "చూశావా, నేను చెప్పలా, మామూలు జ్వరమే" అనుకున్నాను. గట్టిగా అనే ధైర్యం మాత్రం పోయింది.

అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బొంగరం ఎలా ఉంది? వాళ్ళమ్మ అడుగుతోంది."

నేను చేత్తో వద్దు వద్దని సైగలు చేశాను. అక్కడ ఆపరేషన్ అయి రెండు రోజులైనా కాలేదు, పచ్చి బాలింతరాలు, ఎందుకు బెంగ పెట్టడం? ఏ పెద్దదైనా ఏం చేస్తుంది? "బ్రహ్మాండంగా ఉంది" అంటుంది. మిషనక్క నా సైగలు చూసింది. చూసి కూడా చెప్పేసింది. పొద్దుట్నుంచి ఎన్ని వాంతులు, ఎంత జ్వరం, ఎన్ని చెంచాలు, ఎన్నిసార్లు పోసిందో అన్నీ. అవతల తమ్ముడు ఫోను భార్య చేతికిచ్చాడు. తర్వాత పిల్ల తల్లి గొంతు వచ్చింది, నీరసంగా.

"వదినా, నేను వచ్చెయ్యనా?"

"వచ్చి ఏం చేస్తావమ్మా? నువ్వు లేచి నిలబడ్డానికే ఇద్దరు కావాలి. గంట గంటకీ నేనే ఫోన్ చేస్తాను. నువ్వు ఫోన్ పక్కన పెట్టుకో. నాకు తెలియనివి నిన్నే అడగాలి."

ఫోను పెట్టేశాక, "దాస్తే పోయేది కదే" అన్నాను.

"దాచి ఎవరిని అడగను పిన్నిగారూ? దాని గురించి తెలిసింది ఆవిడకే కదా."

సాయంత్రం ఆమె నన్ను పిలిచి పుస్తకం చూపించింది. రెండు గంటల పది నిమిషాలకి: "పోసింది. ఏడ్చింది. తడి అంటే చిరాకా?" అని ఉంది. ఐదున్నర దగ్గర: "పోసింది. ఏడుపు తర్వాత కాదు, ముందు."

వేడికి డైపరు తీసేసి ఉంచింది కాబట్టి కళ్ళారా చూసింది. పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయిందట. కాళ్ళు బిగదీసింది. మొహం ముడుచుకుంది. ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు పోసింది, అదీ కొంచెమే.

"తడి అంటే చిరాకైతే తడిశాక ఏడవాలి కదా. ముందే ఎందుకేడ్చింది?"

"పసిపిల్ల ఏడుపుకి కూడా లెక్కలా?" అన్నాను. అన్నానే గానీ, మెట్లెక్కుతుంటే అదే ప్రశ్న నా వెంట వచ్చింది. ముందే ఎందుకేడ్చింది?

మర్నాడు పొద్దున్నే కిందికి వెళ్ళాను. జ్వరం మళ్ళీ నూట మూడు. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు. మిషనక్క, పిల్ల నేల మీద పోసింది తుడిచిన బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

"ఛీ ఛీ, అదేం పనమ్మాయ్!"

"నూనె చెడిందో లేదో వాసన చూసే కదా చెబుతాం. చూడండి, ఇది మామూలుగా లేదు. మొన్న ఇలా లేదు." నా ముక్కు దాకా తీసుకొచ్చింది. ముక్కు మూసుకుందామనుకున్న దాన్ని, ఎందుకో పీల్చాను. నిజమే. ఘాటుగా, కుళ్ళినట్టుంది.

ఆమె మరదలికి ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఇక్కడికి రాకముందు బొంగరం ఉచ్చ పోసేటప్పుడు ఎలా ఉండేది? మొహం ఎలా పెట్టేది?"

ప్రపంచంలో ఏ ఆడపడుచూ ఏ బాలింతనూ ఆ ప్రశ్న అడిగి ఉండదు. కానీ తల్లి వెంటనే చెప్పింది. "మొహమా? నవ్వేది వదినా. నేల మీద పోసి, దాంట్లో చిందులు తొక్కేది. అందుకే కదా నాతో తిట్లు తినేది."

"ఏడవడం?"

"ఎప్పుడూ లేదు. ఎందుకు?"

"క్లినిక్‌కి తీసుకెళుతున్నాను. డాక్టరుగారు ఏమన్నారో చెబుతాను" అని పిల్లను భుజాన వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను. నిజం చెప్పాలంటే సాయానికి కాదు. ఏం తేలుతుందో చూడాలని.

క్లినిక్ నిండా జనం. బెంచీల మీద తల్లుల ఒళ్ళలో జ్వరాలు, దగ్గులు. డాక్టరు చిన్నమ్మాయి. పొద్దుట్నుంచి ఎంతమందిని చూసిందో, కళ్ళ కింద నీడలు. ఛాతీ విన్నది, చెవుల్లో లైటు వేసింది, గొంతు చూసింది, పొట్ట నొక్కింది. "ఈ వారమంతా ఇవే జ్వరాలమ్మా. వైరల్ లాగే ఉంది. నీళ్ళు బాగా పట్టండి, మందు..." అంటూ చీటీ రాయడం మొదలుపెట్టింది.

"ఒక్క సంగతి అడగొచ్చా?" అని మిషనక్క పుస్తకం తెరిచింది. నాకు సిగ్గేసింది. బయట అంతమంది ఎదురుచూస్తుంటే ఈవిడ పేజీలు చదువుతుందా? చదివింది. ఏ టైముకి ఎంత జ్వరం, ఎన్ని వాంతులు, విరేచనాలు ఎందుకు రాలేదని తన అనుమానం, ఎప్పుడెప్పుడు పోసింది, వాసన ఎలా ఉంది.

డాక్టరు పెన్ను ఆగింది. "పోసేటప్పుడు ఏడ్చిందా?"

"పోసేటప్పుడు కాదండీ. పోసేముందు. నిన్న ఐదున్నరకి ఒకసారి, పొద్దున రెండుసార్లు."

"ముందేనా? సరిగ్గా చూశారా?"

"ముందే. మూడుసార్లూ."

డాక్టరు రాసిన చీటీ పక్కన పడేసింది. "ఉచ్చ పరీక్ష చెయ్యాలి. ఇప్పుడే."

చెప్పడం తేలికే. ఇరవై నెలల పిల్ల ఉచ్చను శుభ్రమైన సీసాలో, అదీ మధ్య ధారలో పట్టాలి! నర్సు పిల్లను కడిగించి, మూత ఉన్న చిన్న సీసా ఇచ్చి, మమ్మల్ని వరండా చివర ఒక మూలకి పంపింది. మిషనక్క ఒళ్ళో పిల్ల, కింద ప్లాస్టిక్ కాగితం. నా చేతిలో సీసా. నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. పిల్ల నన్ను చూసి "వద్దు" అంది.

పావుగంట. అరగంట. నా నడుము పట్టేసింది. "కొళాయి విప్పితే ఆ చప్పుడుకి పోస్తారు" అన్నాను. వరండాలో కొళాయి విప్పాం. ఆ చప్పుడుకి నాకొచ్చింది గానీ దానికి రాలేదు. నేను లేచి వెళ్ళొచ్చేలోగా, సరిగ్గా అప్పుడే, బొంగరం మిషనక్క చెప్పుల మీద పోసేసింది. సీసా నాతోనే బాత్రూముకి వచ్చింది మరి.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నిన్న పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

మళ్ళీ చెంచాలు, మళ్ళీ ఎదురుచూపులు. నర్సు వచ్చి, చల్లటి నీళ్ళలో ముంచిన దూది ఇచ్చి, "పొత్తికడుపు మీద దీంతో గుండ్రంగా రుద్దుతూ ఉండండి. కొంతమంది పిల్లలకి పనిచేస్తుంది" అంది.

"ఎందుకు పనిచేస్తుంది?" అని అడిగింది మిషనక్క, ఆ అవస్థలోనూ.

"చల్లగా తగిలేసరికి లోపలి సంచి ముడుచుకుంటుందమ్మా" అంది నర్సు, నవ్వుతూ.

రుద్దింది. నేను సీసాతో మోకాళ్ళ మీద. రెండు నిమిషాలకి పిల్ల కాళ్ళు బిగిశాయి. మొహం ముడుచుకుంది. ఏడుపు. నేను నా కళ్ళతో చూశాను. ఏడుపు ముందు. ఆ తర్వాతే ధార. మొదటి చుక్కలు వదిలేసి సీసా పెట్టాను, ఒక్క చుక్క ఒలక్కుండా. ముగ్గుర్ని పెంచిన దాన్ని. ఆ పనికి మాత్రం నా అనుభవం అక్కరకొచ్చింది.

పది నిమిషాల్లో డాక్టరు పిలిచింది. ఉచ్చలో చీము కణాలున్నాయంది. మూత్రంలో ఇన్ఫెక్షన్. చిన్నపిల్లల్లో ఇలాగే ఉంటుందట. వాళ్ళు మంట అని చెప్పలేరు. జ్వరం, వాంతులు, అంతే కనిపిస్తాయి. సీసాలో మిగిలింది పెద్ద ల్యాబుకి పంపుతామని, ఏ క్రిమో, దానికి ఏ మందు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుందని, ఈలోగా మందు మొదలుపెట్టమని చెప్పింది.

"మీరు చెప్పకపోతే ఇవాళ పంపించేసేదాన్ని" అంది దాచుకోకుండా. "జ్వరం తగ్గకపోతే మళ్ళీ వచ్చేవాళ్ళు, అప్పుడు వెతికేదాన్ని. కానీ ఆలస్యమైతే కిడ్నీలకి మంచిది కాదు."

మిషనక్క తల ఊపింది. "ఇది ఎందుకొస్తుందండీ? నేను కడగడంలో ఏమైనా తప్పు చేశానా?"

ఆ ప్రశ్న దగ్గర మాత్రం ఆమె పుస్తకం మూసేసింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పుస్తకం వెనక ఎంత భయముందో. డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టి, "మీ తప్పేం లేదు. ఆడపిల్లల్లో ఇది మామూలే. ముందు నుంచి వెనక్కి తుడవండి, మలబద్ధకం రాకుండా చూడండి, చాలు" అంది.

మందు మొదలైంది. గులాబి రంగు సిరప్పు. మొదటిసారి పిల్ల నోట్లోంచి సగం మిషనక్క మొహం మీదికి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి పిల్ల నిద్రపోతోంది. మిషనక్క దుకాణంలో స్టూలు మీద ఉంది. ముందు విప్పిన మిషను ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ చేతులు ఖాళీగా ఉండగా చూడటం అదే మొదలు.

"ఇంకా నూట రెండు ఉంది పిన్నిగారూ. మూడు మోతాదులు పడ్డాయి. కారణం దొరికింది, మందు పడింది. మరి ఇంకా ఎందుకుంది? నేను కనిపెట్టింది తప్పేమో. ఇంకేదో ఉందేమో."

ఏదో ఒకటి చెప్పి ఊరడించడం నాకు అలవాటు. తగ్గిపోతుందిలే, అలాగే ఉంటుంది, నా రెండోవాడికీ ఇంతే. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నాకు తెలీదమ్మాయ్. ఫోన్ చేసి అడుగుదామా?"

నేనే చేశాను. నర్సు డాక్టరుని అడిగి చెప్పింది. మందు పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుందట. పిల్ల తాగుతోందా, పోస్తోందా, వాంతులు లేవా, మెలకువలో చురుగ్గా చూస్తోందా? అన్నిటికీ మిషనక్క పుస్తకం చూసి అవునంది. అయితే రేపటిదాకా చూడండి, అప్పటికీ దిగకపోతే తీసుకురండి అన్నారు. ఫోను పెట్టేసి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని నేను అడగలేదు. స్క్రూడ్రైవరు తీసి చేతికిచ్చాను.

మర్నాడు పొద్దున జ్వరం తొంభై తొమ్మిది. పిల్ల లేచి, మంచం పట్టుకుని నిలబడి, చెయ్యి వదిలేసి, ఒక్క చుట్టు తిరిగింది. కూలబడింది. మళ్ళీ లేచింది. మిషనక్క వాకిట్లోకి వచ్చి నా పేరు పెట్టి కేకేసింది. పిన్నిగారూ అనడం కూడా మర్చిపోయింది. ల్యాబు వాళ్ళు కూడా అదే మందు సరిపోతుందన్నారు. పది రోజులు మందు వేశారు. తర్వాత కిడ్నీలకు స్కాన్ తీస్తే అంతా బాగానే ఉందని తేలింది.

తమ్ముడూ, మరదలూ, కొత్త పిల్లాడూ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బొంగరం తల్లి ఒళ్ళో చేరి, కొత్త తమ్ముణ్ణి చూసి "వద్దు" అంది. మరదలు నోటుపుస్తకం అడిగి తీసుకుని మొదట్నుంచి చదవడం మొదలుపెట్టింది. జ్వరాలు, చెంచాలు, టైములు. మధ్య మధ్య చికిత్సతో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. "పదకొండు నలభై: ఫ్యాను చూసి నవ్వింది. ఎందుకో తెలియలేదు." "నాలుగింటికి: నా చెవి పట్టుకుని నిద్రపోయింది. వదిలితే లేస్తుందని కదల్లేదు." "ఆరింటికి: అమ్మ అంది. రెండుసార్లు."

మరదలు ఆ పేజీ మీద చెయ్యి పెట్టి ఆ మాటలు మళ్ళీ చదువుకుంది. తర్వాత, "వదినా, ఈ పేజీ నాకిస్తావా?" అంది.

"చించితే వెనక పేజీలో బట్టల ఫ్యాక్టరీ వాళ్ళ మిషను వివరాలున్నాయమ్మా" అంది మిషనక్క. తమ్ముడు పగలబడి నవ్వాడు. చివరికి ఫోన్లో ఫొటో తీసుకున్నారు.

మరదలు తిరిగి ఉద్యోగంలో చేరాక బొంగరాన్ని వారానికి మూడు రోజులు ఇక్కడే వదులుతోంది. ఆ రోజుల్లో నేను కూడా కిందే ఉంటాను. సలహాలు చెప్పడం పూర్తిగా మానలేదు. అలవాటు అంత తొందరగా పోతుందా? చెప్పేముందు ఒక్కసారి ఆగుతున్నాను, అంతే.

పోయిన నెల చిన్నవాడికి జ్వరం వచ్చింది. మరదలు గాభరాగా ఫోన్ చేసింది. మిషనక్క బల్ల మీద మిషనుకి నూనె వేస్తోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని విన్నది.

"ముందు క్లినిక్‌కి ఫోన్ చెయ్యమ్మా. నాకు తర్వాత చేద్దువుగాని. నాకు తెలిసింది ఒక్క జ్వరమే" అంది. ఫోను పెట్టేసి, నూనె డబ్బా మూత బిగించి, నా వైపు తిరిగింది.

"పిన్నిగారూ, పైన మీ తూకం ఖాళీగా ఉందా? నాది సరిగ్గా చూపించడం లేదు. వాళ్ళింటికి పట్టుకెళ్ళాలి. నర్సు ముందు బరువే అడుగుతుంది."

నేను అప్పటికే మెట్లెక్కుతున్నాను.